తక్కెడ లాక్కునే ముందు: కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తిరుపతి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

2010 డిసెంబరు 17న ఉత్తర ఆఫ్రికా దేశమైన ట్యునీషియాలోని సిది బౌజిద్‌ పట్టణంలో పండ్లబండి నడుపుకునే మొహమ్మద్ బువజీజీ, తన తక్కెడను లాక్కున్నారని చెప్పుకోబోతే వినే నాథుడు లేక, గవర్నరు కార్యాలయం ముందే ఒంటికి నిప్పంటించుకున్నాడు. నిరుద్యోగం, అవినీతి, నోరెత్తనివ్వని పోలీసు పాలన ఏళ్లుగా పేర్చిన ఎండుకట్టెలు అంటుకుని జనం తిరగబడటంతో, 23 ఏళ్లు ఏలిన అధ్యక్షుడు బెన్ అలీ 2011 జనవరి 14న దేశం విడిచి పారిపోయాడు. 2014లో కొత్త రాజ్యాంగం వచ్చినా బతుకులు మెరుగుపడలేదు. 2021లో అధ్యక్షుడే పార్లమెంటును స్తంభింపజేశాడు. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

మనది ప్రజాస్వామ్యం, పోలిక తేవడం లేదు. అయితే గాంధీ రోడ్డులో జామకాయల మీద తడిగుడ్డ కప్పుకుని కూర్చునే అవ్వకూ తక్కెడే ఆధారం. పాడైపోయే సరుకును స్వాధీనం చేసుకుంటే, రుసుము కట్టి అడిగిన రోజే తిరిగివ్వాలని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం చెబుతోంది. ఆ మాటను తెలుగులో బోర్డుల మీద రాయించి పెట్టించాలని, వారానికొక పూట వీధి వ్యాపారుల గోడు మీరే వినాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
తిరుపతి పౌరుడు