లాస్ ఏంజెలెస్ నుంచి నాన్నగారికి

పూజ్యులైన నాన్నగారికి, నమస్కారాలు.

నా తరగతిలో ఎల్ సాల్వడార్ కుటుంబాల పిల్లలు ఎక్కువమంది ఉన్నారని రాసినప్పుడు, ఆ దేశపు కుర్రవాళ్లు ముఠాల్లో చేరడానికి డబ్బాశే కారణమా అని అడిగారు. కాదనే నా నమ్మకం.

ఆ ముఠాలు పుట్టింది నేనుంటున్న ఈ ఊళ్లోనే. ఎల్ సాల్వడార్‌లో 1980 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో సుమారు 75 వేలమంది చనిపోయారు. ప్రాణభయంతో పారిపోయి ఇక్కడి పేదవాడలకు చేరిన కుటుంబాల పిల్లలు, పాత ముఠాల దెబ్బలు కాచుకోవడానికి మారా సాల్వత్రుచా పేరుతో జట్టు కట్టారు. కొందరు అప్పటికే ఉన్న బార్రియో 18 అనే ముఠాలో చేరారు. యుద్ధం ముగిశాక, ముఖ్యంగా 1996 నాటి వలస చట్టం తరువాత, నేరచరిత్ర ఉన్నవాళ్లను అమెరికా వేల సంఖ్యలో వెనక్కి పంపింది. పసితనంలోనే దేశం వదిలిన వాళ్లకు అక్కడ చదువూ లేదు, పనీ లేదు. తెలిసినదల్లా ముఠా ఒక్కటే.

అక్కడి పేటల్లో, తల్లిదండ్రులు అమెరికా నుంచి పంపే డబ్బుతో అమ్మమ్మల దగ్గర పెరిగిన పిల్లలు ఎందరో. కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన తల్లుల పిల్లలకు చదువు చెప్పినవారు మీరు, ఆ లోటు ఎలాంటిదో మీకు చెప్పనక్కర్లేదు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లవాడికి వీధిలోని క్లికా, అంటే ముఠా స్థానిక దళం, మొదట పోలీసుల రాకను కనిపెట్టే పని అప్పగించేది. తరువాత చేర్చుకునే రోజున సాల్వత్రుచా వాళ్లు 13 సెకన్లు, బార్రియో వాళ్లు 18 సెకన్లు గుంపుగా మీదపడి కొట్టేవారు. ఆ దెబ్బలకు ఓర్చుకున్నవాడికి అన్నదమ్ములు, ఒక పేరు, వీధిలో భయంతో కూడిన గౌరవం దక్కేవి. చేరనివాడికీ భద్రత ఉండేది కాదు: ఒక ముఠా పేటలో ఇల్లున్న కుర్రవాడు రెండో ముఠా పేటలోని బడికి వెళ్లాలన్నా ప్రాణాపాయంగా ఉండేది.

ఇక డబ్బంటారా, చిన్న దుకాణాల నుంచి, బస్సుల నుంచి రెంటా పేరుతో గుంజేదే ప్రధాన రాబడిగా ఉండేది. 2016లో ఎల్ ఫారో, న్యూయార్క్ టైమ్స్ పత్రికలు కలిసి లెక్కగడితే, సాల్వత్రుచా ఆదాయాన్ని సభ్యులందరికీ సమంగా పంచినా తలకు నెలకు 65 డాలర్ల దగ్గరే ఆగింది. కూలిపనికి వెళ్లినా అంతకన్నా ఎక్కువే వచ్చేది.

2022 మార్చిలో ముఠాలు ఒక్క రోజే 62 మందిని చంపడంతో అక్కడి ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి, ఆ తరువాత 80 వేలమందికి పైగా నిర్బంధించింది. హత్యలు బాగా తగ్గాయి, పేటల్లో జనం ఊపిరి పీల్చుకుంటున్నారు. ఆ ఊరటను నేను చిన్నచూపు చూడను. అయితే పట్టుబడినవారిలో వేలమంది నిర్దోషులని ప్రభుత్వమే విడిచిపెట్టింది. మిగిలినవాళ్ల పిల్లల్లో ఎందరో తండ్రి లేని ఇళ్లలో పెరుగుతున్నారు. నన్ను కలవరపెట్టేది అదే.

మీరు ప్రధానోపాధ్యాయులుగా ఉన్నప్పుడు ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాళ్ల ఇళ్లకు స్వయంగా వెళ్లేవారు కదా! ఆ ఇళ్లలో పెద్దవాళ్లతో ముందు ఏమి మాట్లాడేవారో, పిల్లవాణ్ణి ఎలా పలకరించేవారో వివరంగా రాయండి. నా తరగతిలో ఇద్దరు రావడం తగ్గించారు. వచ్చే వారం వాళ్ల ఇళ్లకు వెళ్దామనుకుంటున్నాను.

అమ్మకు నమస్కారాలు.

మీ అమ్మాయి,
శారద