పాత పేరు తీసేస్తే పాల స్లిప్పు తప్పింది

సంపాదకుల వారికి నమస్కారం.

కడప చుట్టుపక్కల పల్లెల్లో పాల కేంద్రాల కంప్యూటర్లు, స్లిప్పు ప్రింటర్లు బాగుచేయడం నా పని. పోయిన నెలలో ఒక కేంద్రంలో హార్డ్‌డిస్క్ పోయింది. కొత్తది వేసి ఉబుంటు 24.04 అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, వాళ్ల పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను బ్యాకప్ నుంచి తెచ్చి పెట్టాను. స్క్రీన్ మీద గడియారం కరెక్టుగానే ఉంది. మధ్యాహ్నానికి ఇంటికొచ్చేశాను.

మర్నాడు ఆరున్నరకే సెక్రటరీ ఫోన్ చేశాడు. వెంటనే రమ్మన్నాడు. వెళ్లేసరికి ఒకామె స్లిప్పు పట్టుకుని నిలబడి ఉంది. "ఏందన్నా ఇది, నిన్న పొద్దుమూకి పెళ్లికి పోయినాము, నేను పాలే పోయలేదు. ఈ స్లిప్పు ఎవురిది?" అని అడిగింది. ఆమె పాలు పోసింది ఆ రోజు తెల్లవారి 5:12కి. స్లిప్పు మీద మాత్రం నిన్నటి తేదీ, 23:42, సాయంత్రం పూట అని ఉంది. ఫ్యాట్, లీటర్లు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆమె వెనకాల 5:40కి పోసినాయన స్లిప్పులో 00:10, ఇవాళ్టి తేదీ, ఉదయం పూట. వరసలో ముందొచ్చిన వాళ్లందరికీ నిన్నటి లెక్క, అయిదున్నర దాటినాక వచ్చిన వాళ్లకు ఇవాళ్టి లెక్క. పదిహేను రోజుల బిల్లు మారే రోజున ఇది జరిగి ఉంటే, కొందరి పాలు అయిపోయిన బిల్లులోకి పోయి ఉండేవి.

సరిగ్గా అయిదున్నర గంటల తేడా అనగానే, ఆ సాఫ్ట్‌వేర్ యూటీసీ టైము, అంటే మన టైముకు అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక టైము, తీసుకుంటోందని అర్థమైంది. సెట్టింగుల ఫైలు తెరిచి చూస్తే టైమ్ జోన్ దగ్గర "ఆసియా/కలకత్తా" అని ఉంది. కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో అదే పేరు ఇచ్చి డేట్ అని కొట్టాను. టైము పక్కన ఐఎస్‌టీ (మన భారత సమయం) అని రావాల్సిన చోట "ఆసియా" అని వచ్చింది. ఎర్రర్ ఒక్కటీ లేదు. ఆ పేరుతో టైమ్ జోన్ ఫైలు దొరకనప్పుడు లైనక్స్ (ఉబుంటు దాని రకమే) ఆగదు, అడగదు. యూటీసీ టైమే చూపిస్తుంది. పేరులో స్లాష్‌కు ముందున్న ముక్కనే జోన్ పేరనుకుంటుంది.

కలకత్తా పేరు 2001లో కోల్‌కతా అయింది. కంప్యూటర్లు వాడే టైమ్ జోన్ల డేటాబేస్‌లో 2008లో మారింది. పాత పేరును తీసేయకుండా కొత్త పేరుకు లింకుగా ఉంచారు కాబట్టి ఇన్నేళ్లూ ఎవరికీ తెలియలేదు. ఉబుంటు వాళ్లు ఇప్పుడు ఇలాంటి పాత పేర్లన్నీ టీజెడ్‌డేటా-లెగసీ అనే వేరే ప్యాకేజీలోకి మార్చారు. కావాల్సిన వాళ్లు దాన్ని విడిగా వేసుకోవాలి. కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే రిలీజ్ నోట్స్‌లో ఆ మాట చెప్పారు, కాదనను. కానీ పాల కేంద్రం సెక్రటరీ రిలీజ్ నోట్స్ చదువుతాడా? పాత పేరు ఒక చిన్న లింకు, ఉంచితే డిస్క్ నిండిపోదు. మన కడప ఇంగ్లిషు స్పెల్లింగ్ కూడా 2005లో మారింది. మా నాన్న కొన్న స్థలం దస్తావేజులో ఇంకా సి, యు, రెండు డీల పాత స్పెల్లింగే ఉంది. అది చెల్లదని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఇంకో కేంద్రంలో ఇదే తేడా వస్తే, ఎవరో గడియారాన్నే అయిదున్నర గంటలు ముందుకు తిప్పారు. నెట్ రాగానే అది తనంతట తాను వెనక్కి వచ్చేసింది. సగం స్లిప్పులు ఒక రకం, సగం ఇంకో రకం అయ్యాయి. దయచేసి ఎవరూ అలా చేయకండి. టీజెడ్‌డేటా-లెగసీ ప్యాకేజీ వేస్తే చాలు, లేదా సెట్టింగుల్లో "ఆసియా/కోల్‌కతా" అని మార్చి సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ స్టార్ట్ చేయండి. కంప్యూటర్ మార్చిన రోజున స్క్రీన్ గడియారం చూసి నమ్మొద్దు. ఒక స్లిప్పు తీసి, దాని మీది టైమును చేతి గడియారంతో పోల్చండి. నేనా రోజు ఆ పని చేయకుండా వచ్చేశాను. తర్వాత సెక్రటరీతో కూర్చుని, పాల పుస్తకం ముందు పెట్టుకుని తప్పు పడ్డ ఎంట్రీలన్నీ ఒక్కొక్కటీ సరిచేశాను. ఆమె లెక్క కూడా సరిపోయింది.

ఆ సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీకి రెండుసార్లు ఫోన్ చేశాను. మా దగ్గర తప్పేమీ లేదు, మీ కంప్యూటర్‌లోనే ఏదో ఉందన్నారు. కొత్తగా తీసుకునే వాళ్లకు ఈ రోజుకీ పాత పేరుతోనే ఇస్తున్నారు. ఆ ఒక్క లైను మార్చి, ఇదివరకు కొన్న కేంద్రాలన్నిటికీ ఫోన్ చేసి చెప్పమని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

— పాల కేంద్రాల కంప్యూటర్ మెకానిక్, ఎర్రముక్కపల్లె, కడప