చందా పుస్తకం ఎన్నాళ్లు తిప్పాలి?

సంపాదకుడు గారికి,

పోయిన నెల మా కాలనీలో ఒకరి గుండె ఆపరేషన్ కోసం చందా పుస్తకం తిరిగింది. ఆయన బట్టల షోరూములో లెక్కలు రాస్తాడు, జీతం 22 వేలు. ఈఎస్‌ఐ 21 వేల లోపు జీతగాళ్లకే. తెల్ల కార్డేమో పట్టణాల్లో ఏడాది ఆదాయం 2 లక్షలు దాటితే ఇవ్వరు, అది లేక ఆరోగ్యశ్రీ లేదు. ఒకప్పుడు ప్రైవేటు పాలసీ ఉండేదట. పిల్లల ఫీజులు కట్టలేక దాన్ని వదిలేశారు.

బ్యాంకులో చేసినవాడినని పుస్తకం నా చేతికిచ్చారు. ఇస్త్రీ బండాయన పేరు రాసి ఎదురుగా రెండొందలు వేస్తుంటే, "ఐదొందలు రాయి సార్, మిగతాయి పొద్దుగూకినంక ఇస్త" అన్నాడు. చీకటి పడ్డాక ఇంటికొచ్చి, పది రూపాయల నోట్లతో సహా లెక్కబెట్టి ఇచ్చిపోయాడు. మూడు రోజుల్లో 86 వేలు అయ్యాయి. బిల్లు మూడున్నర లక్షలు. వాళ్లావిడ గొలుసు కుదవ పెట్టారు, అదీ చాలక నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చారు.

ఇటువంటి వాళ్ల కోసం ఇంకొంచెం పన్ను వేస్తే జనం ఒప్పుకోరని పెద్దలు అంటుంటారు. ఆ మాట నేను నమ్మను. 2018లో ఆదాయపు పన్ను మీద 3 శాతం ఉన్న విద్యా సెస్సుకు ఆరోగ్యాన్ని కలిపి 4 శాతం చేశారు. నా పింఛనులోంచీ పోతోంది. ఆరోగ్యానికే కదా అని మా పింఛనుదార్లలో ఎవరూ పేచీ పెట్టలేదు.

ఏ ఆరోగ్య రక్షణా లేనివాళ్లు దేశంలో కనీసం 30 శాతం, అంటే దాదాపు 40 కోట్ల మంది ఉన్నారని నీతి ఆయోగే 2021లో చెప్పింది. మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు, సంతోషమే. కానీ గడప దాటనివ్వని వాడికి లోపల విస్తరి ఎంత పెద్దదైతే ఏం లాభం? పక్కన ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 5 లక్షల ఆదాయమున్న కుటుంబాలనూ ఈ పథకంలోకి తీసుకున్నారు. ఇక్కడా ఆ గడప తగ్గించాలి. అలా చేరే కుటుంబాలు తమకు చేతనైనంత కడతాయి, మిగతాది మా బోటి పన్ను కట్టేవాళ్లం భరిస్తాం.

అయితే లెక్క చెప్పాలి. బకాయిలు రాలేదని 2025లో నెట్‌వర్క్ ఆస్పత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేస్తే రోగులు పడ్డ అవస్థ అందరం చూశాం. అందుకని ఈ డబ్బు విడిగా ఒక ఖాతాలో ఉంచాలి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏ ఆస్పత్రికి ఎంత బాకీ ఉందో మూడు నెలలకోసారి పేపర్లో వేయాలి. మా చందా లెక్క పైసలతో సహా గుడి గోడకు అంటించాం, ఇప్పటికీ అక్కడే ఉంది. ప్రభుత్వం ఆ పని చేస్తానంటే నెలకు 500 నా పింఛనులో పట్టుకోమని ఈ రోజే రాసిస్తాను.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, హనుమకొండ