స్కాన్ నార్మల్ వస్తే చూపు కూడా నార్మలేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

తలకి చిన్న దెబ్బ తగిలి కోలుకుంటున్నవాళ్ళకి విజన్ థెరపీ, అంటే కంటి ఎక్సర్‌సైజులు చేయిస్తే అన్నీ సర్దుకుంటాయని ప్రచారం గట్టిగానే నడుస్తోంది, ఇందులో ఎంత నిజముందో మీ పేపర్ నిగ్గు తేల్చి రాస్తే బావుంటుందని ఈ లెటర్.

ఇబ్బంది మాత్రం నిజమేనండి, నటన కాదు. సీటీ స్కాన్ క్లియర్‌గా వస్తుంది, గోడ మీద చార్టు చివరి లైన్ దాకా గడగడా చదివేస్తారు, కానీ ఫోన్ పట్టుకుంటే కాసేపటికే అక్షరాలు రెండేసి కనిపిస్తాయి, తలనొప్పి మొదలవుతుంది. మా తమ్ముడైతే ఒక కన్ను మూసుకుని లైన్ కింద వేలు పెట్టుకుని చదివేవాడు. దగ్గరిది చూడాలంటే రెండు కళ్ళూ కలిసి లోపలికి తిరగాలి, దెబ్బ తర్వాత కొందరికి అదే కుదరదు. పెన్ను మొనని మెల్లగా ముక్కు దాకా తెస్తూ ఎక్కడ రెండుగా కనిపిస్తోందో స్కేలుతో కొలిస్తే తెలిసిపోతుంది, మామూలుగా 6 సెంటీమీటర్ల దాకా ఒకటిగానే కనిపించాలి. నిమిషాల పని, అది కూడా చెయ్యకుండా రెస్ట్ తీసుకోమని పంపించేస్తుంటారు.

ఇక థెరపీ సంగతి. 2008లో అమెరికాలో ఇదే సమస్య ఉన్న 221 మంది పిల్లల మీద ట్రయల్ చేస్తే, 12 వారాలు క్లినిక్‌లో అసలు థెరపీ చేయించుకున్నవాళ్ళలో 73 శాతం మందికి గుణం కనిపించింది, పోల్చి చూడ్డానికి ఉత్తుత్తి థెరపీ (అసలు దానిలా కనిపించే డమ్మీ) చేయించుకున్నవాళ్ళలో కూడా 35 శాతం మందికి కనిపించింది! అంటే పనిచేస్తుంది, కానీ జనం చెప్పుకునే మెరుగుదల అంతా దాని గొప్పే కాదు. పైగా ఆ పిల్లలు తలకి దెబ్బ తగిలిన పేషెంట్లు కారు. 2019లో వచ్చిన ఇంకో ట్రయల్లో కళ్ళు బాగానే కలిశాయి గానీ, చదివింది అర్థం చేసుకోవడంలో మాత్రం ఉత్తుత్తి థెరపీ వాళ్ళకంటే ముందుకి పోలేదు. అలాంటప్పుడు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత అన్నీ పెరుగుతాయని చెప్పేవాళ్ళని ఎలా నమ్మాలి?

ఇంకో తిరకాసు ఏంటంటే చిన్న దెబ్బలు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి, ఆ టైంలో ఏం చేయించినా దానికే పేరొస్తుంది.

అందుకే థెరపీ మొదలుపెట్టే ముందు కొలత ఎంత, తర్వాత ఎంత, ఎన్ని వారాల్లో మార్పు రాకపోతే ఆపేస్తారు, ఈ మూడూ కాగితం మీద రాసివ్వాలని రూల్ పెట్టాలి. మీరు హెల్త్ పేజీలో ఎవరి ఇంటర్వ్యూ వేసినా ఈ ప్రశ్నలు అడిగి జవాబుతో సహా వెయ్యండి.

ఇట్లు,
మీ పేపర్ పాఠకుడు