కోడిపిల్లలతో పాటు గూడు కూడా ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

పెరటి కోళ్ల పథకాల కింద మహిళా సంఘాల వాళ్లకు వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ జాతుల కోడిపిల్లల్ని పంచినప్పుడల్లా పేపర్లో ఫొటోలు వస్తాయి. ఆ పిల్లల్లో ఎన్ని గుడ్లు పెట్టేదాకా బతికాయని తర్వాత ఎవరూ అడగరు. మాది నంద్యాల జిల్లా ఆత్మకూరు వైపు, నల్లమల అంచు పల్లె. కొక్కెర రోగానికి టీకా వేయించిన ఇళ్లలో కూడా ఇక్కడ కోళ్లు నిలవడం లేదు. పగలు గద్ద, కాకి, కుక్క. రాత్రి ముంగిస, జంగపిల్లి, పందికొక్కు, పాము.

నాటుకోడికీ పథకం కోడికీ ఈ విషయంలో చాలా తేడా ఉంది. నాటు పెట్ట పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంది. పైన గద్ద నీడ కనబడితే చాలు, ఒక్క అరుపుతో అన్నిటినీ రెక్కల కిందికి లాక్కుంటుంది. పొద్దుగూకితే ఎగిరి చెట్టెక్కి కూర్చుంటుంది. పథకం పిల్లలు యంత్రంలో పొదిగినవి, తల్లి వెనక తిరిగి ఎరగవు. వనరాజా బరువైన కోడి, చెట్టెక్కలేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు వనరాజా, గ్రామప్రియలను తెల్లగా కాకుండా రంగు ఈకలతో రూపొందించడంలో, అవి శత్రువుల కంట తేలిగ్గా పడకూడదన్న ఆలోచన కూడా ఉంది. ఆరు వారాల దాకా పిల్లల్ని లోపలే ఉంచి సాకమని కూడా వాళ్లే చెబుతారు. మరి లోపల అంటే ఎక్కడ? రేకుల ఇల్లు ఒక్క గదే ఉన్నవాళ్లు ఆ పిల్లల్ని ఎక్కడ పెట్టాలి?

చాలా ఇళ్లలో ఉండేది వెదురు గంప, దాని మీద ఒక రాయి. తల్లికోడినీ పిల్లల్నీ కాసేపు కమ్మి పెట్టడానికి అది చాలు, రాత్రికి మాత్రం చాలదు. కుక్క రాయిని తోసేస్తుంది. పందికొక్కు గంప కిందినుంచి మట్టి తవ్వుకుని వస్తుంది. ముంగిస దూరడానికి చిన్న సందు ఉంటే సరిపోతుంది. మా వీధిలో ఒకామె పొద్దున్నే గూడు తెరిచేసరికి పెట్టలన్నీ పడి ఉన్నాయి. ఈకలు పెద్దగా రాలలేదు. ఒక్కోదానికి మెడ దగ్గర చిన్న గాటు, కాస్త నెత్తురు, అంతే. తలుపు వేసినట్టే ఉంది. కింద చెక్క పుచ్చి సందు పడింది, దాంట్లోంచి ముంగిస దూరింది. ఆ గుడ్లమ్మిన డబ్బులతోనే ఆమె పిల్లల పుస్తకాలు, చిల్లర ఖర్చులు గడిచేవి. సంఘం అప్పు కిస్తీ కూడా అందులోంచే కట్టేది.

గట్టి గూడంటే పెద్ద ఖర్చేమీ కాదు. నేలకు రెండు, మూడడుగుల ఎత్తున నాలుగు కాళ్ల మీద నిలబెట్టాలి. చుట్టూ అర అంగుళం కన్నుల వెల్డ్ మెష్ కొట్టాలి. బజార్లో చవగ్గా దొరికే పల్చని కోళ్ల జాలీ కోడిని లోపల ఆపుతుంది గానీ కుక్కను బయట ఆపలేదు, పళ్లతో లాగి చింపేస్తుంది. గూడు నేల మీదే ఉంటే మెష్‌ను అడుగు లోతున పాతాలి. తలుపుకు తాడు కట్టి వదిలేయకుండా గొళ్లెం పెట్టాలి. పగటికి పాత చేపల వల ఒకటి పందిరిలా కడితే గద్దల బాధ చాలావరకు తగ్గుతుంది. వీటన్నిటికంటే ముఖ్యం చీకటి పడకముందే కోళ్లను లోపలేసి తలుపు మూయడం. రైతు సేవా కేంద్రాల్లోని పశుసంవర్ధక సిబ్బంది పిల్లల్ని చేతికిచ్చే రోజున ఈ నాలుగు మాటలూ చెప్పి, ఒక గూడు చూపిస్తే ఎంతో మేలు.

కేంద్ర పథకంలో ఒకప్పుడు రాత్రి గూటి కోసమని కొంత సొమ్ము ఉండేది. చేతికి డబ్బులిస్తే ఇంట్లో వేరే అవసరానికి పోతాయి, అది సహజం. అందుకే వస్తువుగానే ఇవ్వాలని నా విన్నపం. ఉపాధి హామీ నిధులతో మన రాష్ట్రంలో పశువులకు మినీ గోకులాలు కట్టించారు, సంతోషమే. పది, పదిహేను కోళ్లున్న ఇంటికి అంత షెడ్డు అక్కర్లేదు. మండల కేంద్రంలో వెల్డింగ్ షాపు నడిపే కుర్రాళ్లకు ఒక కొలత ఇచ్చి చేయిస్తే వాళ్లకూ పని దొరుకుతుంది. పిల్లల సంఖ్య కొంచెం తగ్గించి అయినా సరే, గూడు ఇవ్వండి.

ఇంకో విషయం నన్ను నిద్రపోనివ్వడం లేదు. కోళ్లు పోయిన కోపంలో కొందరు మాంసం ముక్కలకు గుళికల మందు కలిపి దొడ్ల వెనక పెడుతున్నారు. దాన్ని జంగపిల్లే తింటుందన్న నమ్మకం ఏమిటి? కాకులు తింటాయి, ఇంటి కుక్క తింటుంది, ఆడుకునే పసిపిల్లలు ముట్టుకుంటారు. ముంగిస, జంగపిల్లి రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువులు, చంపితే కేసవుతుంది. పైగా చేలల్లో ఎలుకలను తినేది ఇవే. ఇక ఊరకుక్కల సంగతి. చికెన్ షాపుల వ్యర్థాలు సంచుల్లో కట్టి ఊరి బయట చెరువు గట్టున పారబోస్తున్నారు. పచ్చి కోడిమాంసం రుచి అక్కడ మరిగిన కుక్కలు దొడ్లోకి రాకుండా ఉంటాయా? 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, రేబిస్ టీకాలు వేయించాల్సింది స్థానిక సంస్థలే. ఆ పని పట్నాల్లోనైనా కాస్త జరుగుతోంది, పల్లెల దాకా రావడం లేదు. పంచాయతీలు కనీసం షాపుల వ్యర్థాలను గోతిలో పూడ్పించే పనైనా వెంటనే మొదలుపెట్టాలి.

పశుసంవర్ధక శాఖ అధికారులు ఈసారి పిల్లల్ని పంచే ముందు, పోయినసారి తీసుకున్న ఇళ్లకు వెళ్లి ఎన్ని మిగిలాయో, మిగతావి దేనివల్ల పోయాయో రాసుకుని రావాలి. ఆ వివరాలు గ్రామసభలో చదివి వినిపించాలని కోరుతున్నాను.

– ఒక మహిళా సంఘం సభ్యురాలు, ఆత్మకూరు మండలం, నంద్యాల జిల్లా