డీఏపీకీ మిర్చికీ చైనా వైపే చూడాలా?

సంపాదకులకు,

చైనా ఆర్థిక బలం గురించి పత్రికల్లో సాగే చర్చ ఎక్కువగా అమెరికా సుంకాలు, మొబైల్ ఫోన్లు, సరిహద్దు వివాదాల చుట్టూ తిరుగుతోంది. నర్సంపేట ప్రాంతంలో మిర్చి, పత్తి సాగుచేసే నా వంటి రైతుకు మాత్రం ఆ బలం ఎరువుల దుకాణం ముందు వరుసలో, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఎదురవుతోంది.

1978లో సంస్కరణలు మొదలుపెట్టి, 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన చైనా మొదట చవక సరుకుకు పేరుపడింది. నేడు ఏ సరుకును ఎప్పుడు ఆపాలో కూడా తానే నిర్ణయించగల స్థితికి చేరింది. 2021 అక్టోబరులో ఎరువుల ఎగుమతికి ముందు తనిఖీలను తప్పనిసరి చేసిన ఆ దేశం, అప్పటి నుంచి డీఏపీ వంటి ఫాస్ఫేట్ (భాస్వరం) ఎరువుల ఎగుమతులను తన అవసరాన్ని బట్టి బిగిస్తూ, వదులుతూ వస్తోంది. సొంత రైతుకు ఎరువు ధర పెరగకూడదన్నది ఒక కారణం. విద్యుత్ వాహనాలకు వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకూ అదే భాస్వరం కావలసి రావడం మరో కారణం. అంటే, అక్కడి కార్ల బ్యాటరీకీ మా చేలో వేసే దుక్కిమందుకూ పోటీ ఏర్పడిందన్నమాట.

తన రైతును కాపాడుకున్నందుకు చైనాను తప్పుపట్టలేము. మనం ముందుచూపు లేకుండా ఉండిపోయామన్నదే నా ఆవేదన. 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన రామగుండం కర్మాగారానికి ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్నా, అక్కడ తయారయ్యేది యూరియా మాత్రమే. డీఏపీకి కావలసిన ముడి ఫాస్ఫేట్‌లో అధిక భాగం విదేశాల నుంచే రావాలి. ఏటా 31 లక్షల టన్నుల డీఏపీ కోసం 2025లో సౌదీ అరేబియా సంస్థతో ఐదేళ్ల ఒప్పందాలు కుదరడం మంచిదే. కానీ ఏళ్ల తరబడి వేసిన భాస్వరం నేలలోనే నిల్వ ఉన్న పొలాలు మన దగ్గర చాలా ఉన్నాయని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. వానాకాలానికి ముందే ఊరూరా భూసార పరీక్షలు చేసి, డీఏపీ తగ్గించగల రైతుకు ఆ సంగతి కాగితం మీద రాసిచ్చి, భాస్వరాన్ని కరిగించే జీవన ఎరువులను సహకార సంఘాల్లో అందుబాటులో ఉంచితే ఎరువుల దుకాణాల ముందు వరుసల్లో సగం మందిమి నిలబడనవసరం ఉండదని నా నమ్మకం.

మిర్చి సంగతీ ఇంతే. తేజ రకానికి చైనా పెద్ద కొనుగోలుదారు కావడంతో, అక్కడి ఆర్డర్లు తగ్గాయన్న మాట వినిపిస్తే చాలు, ఇక్కడ యార్డులో ధర పడిపోతోంది. ఈ సమాచారం ఎగుమతిదారులకు ముందే తెలుస్తుంది. మాకు బస్తాలు దించాక తెలుస్తుంది. విదేశీ కొనుగోళ్లు, శీతల గిడ్డంగుల్లోని నిల్వల వివరాలను మేము నారు పోసుకునే ముందే మార్కెటింగ్ శాఖ తెలుగులో ప్రకటించాలని, ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మిర్చి రైతు,
నర్సంపేట, వరంగల్ జిల్లా