ఆకురాలు కాలం మనకు దసరాకు రాదు

సంపాదకులు గారికి నమస్కారం.

పండుగల ముందు మీ ఆదివారం అనుబంధంలో ఇంటిని శరత్కాలానికి తగ్గట్టు ముస్తాబు చేసుకోవడం గురించి రెండు నిండు పేజీలు వేశారు. సోఫా మీద నారింజ రంగు ఊలు దుప్పటి, టీపాయ్ మీద ఎండిన మేపుల్ ఆకులు, గుమ్మం పక్కన కళ్లూ నోరూ చెక్కిన గుమ్మడికాయ. ఫొటోలు బాగానే ఉన్నాయి. నేను ఆ పేజీ చదువుతున్నప్పుడు మాత్రం మా ఇంట్లో ఫ్యాను ఐదు మీద తిరుగుతోంది. ఉక్కకు మా వారు బనీను కూడా విప్పేసి కూర్చున్నారు. ఊలు దుప్పటి ఎవరు కప్పుకోవాలి?

అసలు దసరాకు ఆకులు రాలేది ఎక్కడండీ? మా ఓరుగల్లు చుట్టుపక్కల తేకు, మోదుగ ఆకు రాల్చేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజం నాటికి వానలన్నీ తాగి చెట్లు నిండుగా ఉంటాయి. గుట్టలు పచ్చగా ఉంటాయి. మీరు వేసిన ఆ ఎండుటాకుల ఋతువు ఇక్కడిది కాదు.

అది ఎక్కడిదో నాకు తెలుసు. మా చెల్లెలి బిడ్డ న్యూజెర్సీలో ఉంటుంది. అక్టోబరులో వీడియో కాల్ చేసి "పెద్దమ్మా, మా వీధి చూడు" అని ఫోను తిప్పి చూపిస్తుంది. నిజంగానే కుంకుమ, పసుపు కలిపి చల్లినట్టు ఉంటాయి చెట్లు. ఆ పిల్లకు నా బొంతల పిచ్చే అంటుకుంది. అక్కడ పక్కింటి పెద్దావిడ దగ్గర క్విల్టు, అంటే వాళ్ల అతుకుల బొంత, కుట్టడం నేర్చుకుంది. మేపుల్ ఆకును గుడ్డ ముక్కల్లో ఎలా దించుతారో నాకు చూపించింది. మూడు వరుసల్లో తొమ్మిది గళ్లు. అందులో మూడు నిండు రంగు ముక్కలు, నాలుగు ఐమూలగా రెండు రంగులు అతికినవి, ఒకటి ఖాళీది, ఒకటి కాడది. అంతే, ఆకు తయారు. ఎంత తెలివైన పనో. ఆ ఆకు వాళ్ల వాకిట్లో రాలుతుంది కాబట్టి వాళ్లు దాన్ని కుట్టుకుంటారు. అందులో తప్పేమీ లేదు. మన వాకిట్లో ఏముందో చూడకుండా వాళ్ల ఆకు తెచ్చి మన బల్ల మీద పెట్టమనడమే నాకు మింగుడుపడలేదు.

నేను పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనదాన్ని. బొంతలు కుట్టడం నా సరదా. అమ్మకానికి కాదు. ఏటా పెత్రమాస వస్తుందంటే నా పాత చీరల ట్రంకుపెట్టె బయటికి వస్తుంది. వానాకాలమంతా అడుగున పడి ముక్క వాసన పట్టిన బట్టను ఉతికి ఆరేసుకోవడానికి ఆశ్వయుజపు ఎండను మించింది లేదు. చిత్త కార్తె వానతో కొంచెం జాగ్రత్తగా ఉండాలి, అంతే. చలి ముదిరేది కార్తీకం దాటాక కాబట్టి ఇప్పుడు మొదలుపెడితే కప్పుకునే వేళకు చేతికి వస్తుంది.

ఈ ఏడు గోడకు వేలాడదీసే బొంత ఒకటి కుడుతున్నాను. బతుకమ్మను పై నుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా. నడుమ గుమ్మడి పువ్వు, దాని చుట్టూ తంగేడు పసుపు, ఆ తర్వాత పట్టుకుచ్చు ఎరుపు, కట్లపూల నీలం, బంతి, అన్నిటికన్నా బయట గునుగు. తంగేడుకు మా అత్తమ్మ కట్టి కట్టి మెత్తబడిన పసుపు నూలు చీర పనికొచ్చింది. గునుగుకు మా వారి పాత పంచెలు. గునుగు తెల్లపువ్వును ఇళ్లల్లో రంగునీళ్లలో ముంచి ఎండబెట్టుకుంటాం కదా, నేనూ పంచె ముక్కలను అలాగే కొసలు మాత్రం రంగులో ముంచాను. మొదలు తెలుపు, కొస గులాబీ. జొన్న చేనులో, మక్క చేనులో కలుపు కింద పీకి పారేసే మొక్క అది. తొమ్మిది రోజులు మాత్రం దానికోసం ఊరంతా గట్ల వెంట తిరుగుతుంది.

ఇంకోటి, పాలపిట్ట. దసరా నాడు దాన్ని చూడాలని పొలాల వెంట పోతాం. ఇప్పుడు ఆ కాలనీలన్నీ కట్టాక ఎక్కడ కనిపిస్తుంది? గలీబు మీద కుట్టుకున్నాను. తీగ మీద కూర్చున్న పాలపిట్టను కుడితే ఎవరూ గుర్తుపట్టరు. కూర్చున్నప్పుడు రొమ్మంతా మట్టిరంగే కనిపిస్తుంది. రెక్క విప్పితేనే ఆ నీలం. అందుకని ఎగిరే పిట్టనే కుట్టాను. రెండు నీలాలు కావాలి, ఒకటి ముదురు, ఒకటి ఆకాశం రంగు. ముదురు నీలం మా అమ్మాయి స్కూలు లంగా నుంచి తీశాను. అమ్మాయికి ఇప్పుడు పెళ్లీడు పిల్లలున్నారు. ఆ లంగా రంగు మాత్రం దిగలేదు.

మీరు గుమ్మడికాయ బొమ్మ వేశారు కాబట్టి ఒక మాట. గుమ్మడి మనకూ ఈ ఋతువు సొత్తే. బతుకమ్మ పేర్చేటప్పుడు తాంబాళంలో ముందు పరిచేది గుమ్మడాకే, శిఖరాన పెట్టేది గుమ్మడి పువ్వే. దానికి కళ్లు చెక్కాల్సిన పని లేదు.

ఇక బొంత సంగతి. మీ పేజీలో "హ్యాండ్‌మేడ్ లుక్ క్విల్ట్" అని ఒకటి కొనుక్కోమన్నారు. నేను దుకాణంలో చూశాను. పాలిస్టర్ గుడ్డ మీద అతుకుల బొమ్మ అచ్చు వేశారు. ఒక్క అతుకూ లేదు! అతుకు ఉండటమే సిగ్గనుకుని చుట్టాలొస్తే బొంతను దండెం మీది నుంచి తీసి మంచం కింద తోసిన ఇళ్లు నాకు తెలుసు. మా ఇల్లూ అలాంటిదే. ఇప్పుడేమో లేని అతుకును అచ్చు వేయించుకుని డబ్బులిచ్చి కొంటున్నాం.

బొంతకు డబ్బు అక్కర్లేదు, లెక్క కావాలి. చీర 5.5 మీటర్లు. నడిమికి మడిస్తే 2.75 మీటర్ల పొడవున రెండు పొరలు. వెడల్పు మీటరు పైచిలుకు. ఒక మనిషి బొంతకు రెండు చీరలు, అంటే నాలుగు పొరలు, మన చలికి చాలు. ఆదిలాబాదు వాళ్లయితే ఇంకోటి వేసుకోవాలి. డబుల్ కాట్‌కైతే రెండు వెడల్పులు పక్కపక్కన కలపాలి కాబట్టి చీరలు రెట్టింపు. చినిగినవి లోపలికి, కాస్త గట్టిగా ఉన్నవి పైకీ కిందికీ. గంజి పూర్తిగా పోయేదాకా ఉతకాలి. కొత్త గుడ్డనూ పాత గుడ్డనూ కలిపి కుట్టకూడదు. మొదటి ఉతుకుకే కొత్తది ముడుచుకుని పాతదాన్ని లాగేస్తుంది. తప్పనిసరైతే కొత్తదాన్ని ముందే రెండు మూడు సార్లు ఉతికిపెట్టుకోవాలి. నూలైతేనే పొరలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పాలిస్టర్ సూది కింద జారిపోతుంది, చెమట పీల్చదు. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు మా ఇంట్లో ఉన్నాయి. అవీ పాలిస్టరే కాబట్టి బొంతలోకి పనికిరాలేదు. కానీ వాటి రంగులు దిగవు. త్రికోణాలు కత్తిరించి హాల్లో తోరణం చేశాను. గడపకు మాత్రం మామిడాకే. గుడ్డ తోరణం ఇంటి లోపలికి మాత్రమే.

ఈ పాలిస్టర్ మాటతోనే ఇంకోటి చెప్పాలి. దీపావళికి కిటికీ తెర పక్కన వరసగా ప్రమిదలు పెట్టిన ఫొటో వేశారు మీరు. దయచేసి అలాంటివి వేయకండి. సింథటిక్ తెరకు నిప్పంటుకుంటే కరిగి బొట్లుగా కారుతుంది, ఒంటి మీద పడితే చర్మానికి అంటుకుపోతుంది. నూలూ కాలుతుంది. ఏ గుడ్డనైనా దీపానికి దూరంగానే కట్టాలి.

నాకు బొంత కుట్టడం నేర్పింది బళ్లో కాదు, టీవీలో కాదు. దసరా వెళ్లాక మా వాడకు "బొంతలు కుడతామమ్మా" అని కేకేస్తూ వచ్చే ఆడవాళ్లలో ఒకావిడ. నేను కొత్త గుడ్డ తెచ్చిస్తే వెనక్కిచ్చేసింది. "పాతది తే అక్కా, కొత్తది ఒంటికి గుచ్చుతది" అంది. వేపచెట్టు కింద చీరలు పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ముందు బారెడు బారెడు కచ్చా కుట్లు వేసి, అప్పుడు అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వచ్చింది. వరుసకూ వరుసకూ మధ్య వేలెడు సందు. స్కేలు లేదు, సుద్దగీత లేదు. జరీ అంచు ఉంటే కత్తిరించి తీసేసేది, మెడకు గీసుకుంటుందని.

మా చెల్లెలి బిడ్డ వాళ్లు మాత్రం నడుమ నుంచి బయటికి కుడతారట. లోపల దూది పలక వేస్తారు కాబట్టి ముడత ఏదైనా ఉంటే బయటికి నెట్టుకుంటూ పోవాలి. మనకు లోపల ఉన్నదీ చీరే, అంచులు ముందే లోపలికి మడిచి పట్టేస్తాం, కాబట్టి బయట నుంచి వచ్చినా ఫరవాలేదు. కర్ణాటకలో ఎల్లాపుర, హలియాళ వైపు ఉండే, ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల ఆడవాళ్లూ అంచు నుంచే మొదలుపెట్టి లోపలికి వస్తారు. వాళ్ల బొంతను కవంది అంటారు. దానికి నాలుగు మూలలా గుడ్డ మడిచి చిన్న పువ్వులు కుడతారు. అవి లేకపోతే అది బోసిగా ఉన్నట్టే లెక్క. నేనూ ఆ అలవాటు తెచ్చుకున్నాను.

తపాలా శాఖలో పనిచేశాను కాబట్టి ఇంకోటి గుర్తుంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చిన్న ఊరు. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పొలానికి కట్టుకుపోయి చినిగిన బట్టలతో కుట్టిన బొంతలను 2006లో అమెరికా తపాలా శాఖ పది బిళ్లల మీద అచ్చు వేసింది. మోకాలి దగ్గర వెలిసిపోయిన ప్యాంటు ముక్క తపాలా బిళ్లకు ఎక్కింది. మా వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కొత్తవాడ నేతగాళ్ల పేరు పేపర్లలో చూసి సంతోషించాం. బీహారు సుజనీ కుట్టుపనికీ ఆ గుర్తింపు ఉంది. చెట్టు కింద కూర్చుని కుట్టే మా వాడ బొంత గురించి మాత్రం ఇన్నేళ్లలో మీ పేపర్లో ఒక్క ముక్క చదివిన గుర్తు లేదు. గుర్తింపు పత్రాల సంగతి తర్వాత. ముందు ఆ కూలి సంగతి చూడాలి. చీరలు మనవే, దారం కూడా చాలామంది మనమే ఇస్తాం. వాళ్లదంతా రెక్కల కష్టమే. ఆ కష్టం దగ్గర బేరమాడి, అచ్చు బొంతకు అడిగినంత ఇచ్చి వచ్చేవాళ్లను మా కాలనీలోనే చూస్తున్నాను.

అందుకని నేను అడిగేది ఒకటే. మీ అలంకరణ పేజీలో వచ్చే ఏడు ఒక సగం మన ఋతువుకు ఇవ్వండి. తంగేడు, గునుగు ఎలాగూ బతుకమ్మ ఫొటోల్లో వేస్తారు, వాటిని ఇంట్లోకీ రానివ్వండి. బొంత కుట్టే పద్ధతి కొలతలతో సహా వేయండి. కత్తిరించి దాచుకుంటాం. నా బొంత ఫొటో కావాలంటే పంపుతాను, కానీ ముందు ఆ కుట్టేవాళ్ల ఫొటో వేయాలి.

విలేఖరిని పంపితే ఇక్కడ పద్మాక్షి గుట్ట వైపు వాడల్లో, దసరా దాటాక చూడమనండి. పొద్దున్నే పోవాలి, ఎండెక్కితే మూట కట్టుకుని వేరే వాడకు వెళ్లిపోతారు. కెమెరా ముందే తీస్తే మొహం తిప్పుకుంటారు. పాత నూలు చీర ఒకటి చేత పట్టుకుని పోయి ఎంత తీసుకుంటారని అడిగితే మాట కలుస్తుంది. అడిగినంత ఇవ్వమని కూడా చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హనుమకొండ